డాలస్ సర్వీసు రన్నింగ్ టైము

మా పెదనాన్న ఆర్టీసీలో కంట్రోలరుగా రిటైరయ్యారు. ఆయన లెక్కలో కదిలే బండి ఏదైనా రెండు ప్రశ్నలకు జవాబు చెప్పాలి: కిలోమీటర్లెన్ని, రన్నింగ్ టైమెంత? డాలస్ నుంచి కొడుకు టికెట్లు పంపగానే ఆయన పాస్‌పోర్టు వెతకలేదు, పెన్సిలు వెతికారు.

"హైదరాబాదు నుంచి డాలస్ సుమారు 14,400. గంటకు 900 పోతుందంటున్నారు. పదహారు గంటలు. మరి రోజంతా ప్రయాణం అంటావేంట్రా?"

"మధ్యలో దుబాయ్‌లో మారాలి పెదనాన్నా. అక్కడిదాకా 2,500 పైచిలుకు, అక్కణ్ణించి 12,900."

కూడి చూసుకున్నారు. వెయ్యి చిల్లర చుట్టు, నూటికి ఏడు. "ఫర్లేదు, మా పల్లెవెలుగు ఇంతకంటే ఎక్కువే తిప్పుతుంది."

అసలు దగ్గరి దారి ఏమిటో నేను చెప్పలేదు. గ్లోబు మీద హైదరాబాదుకీ డాలస్‌కీ మధ్య దారం బిగించి చూస్తే అది ఉత్తర ధ్రువానికి కాస్త పక్కనుంచి పోతుంది. రెండు ఊళ్ళూ భూమికి దాదాపు చెరోవైపు రేఖాంశాల మీద ఉన్నాయి మరి. చెబితే స్వెట్టర్ల బరువు పెరిగి, ఆవకాయ దిగిపోయేది.

దుబాయ్ దాటాక సీటు ముందున్న తెర మీద విమానం ముక్కు ఉత్తరానికి తిప్పింది. పెదనాన్న లేచి నిలబడ్డారు. "డాలస్ పడమర కదా! బోర్డు చూసే ఎక్కామా?" గుండ్రటి భూమిని చాపలా పరిస్తే దగ్గరి దారే వంకరగా కనిపిస్తుందని చెప్పాను. కూర్చున్నారు గానీ, గ్రీన్‌లాండ్ దాటేదాకా సీటు బెల్టు తియ్యలేదు.

ఆయనకు నచ్చింది ఒక్కటే. ఇంత దూరపు విమానంలో మామూలుగా నలుగురు పైలట్లుంటారు, వంతులవారీగా నిద్రపోతారు. "నాలుగో డ్రైవరు! మా యూనియన్ వాళ్ళకు ఈ ముక్క తెలియలేదు."

అసలు గొడవ దిగాక మొదలైంది. చలికాలంలో డాలస్ మనకన్నా పదకొండున్నర గంటలు వెనక. శంషాబాద్‌లో తెల్లవారుజామున నాలుగింటికి లేచి ఇరవై నాలుగు గంటలు తిరిగినా, అక్కడి గడియారంలో అదే రోజు సాయంత్రం నాలుగున్నరే.

"అంటే కాగితం మీద పన్నెండున్నర గంటలేనా? మిగతా డ్యూటీ ఎవడు మింగాడు? డ్రైవరుకు ఓవర్‌టైము ఏ గడియారం చూసి ఇస్తారు?"

వేసవిలో వాళ్ళు గడియారాన్ని గంట ముందుకు జరుపుకుంటారని, అప్పుడు తేడా పదిన్నరే అవుతుందని మా అన్నయ్య చెప్పాడు. చెప్పకుండా ఉండాల్సింది. ఆ రాత్రి పెదనాన్న అన్నం ముట్టలేదు.

తిరుగు ప్రయాణంలో డాలస్ నుంచి దుబాయ్‌కి రన్నింగ్ టైము గంటకు పైగా తగ్గింది. పైన పడమటి నుంచి తూర్పుకు వీచే గాలి విమానాన్ని వెనక నుంచి తోస్తుందన్నాను.

"మా డ్రైవర్లూ అంతే, ముందొచ్చేసి 'డౌనొచ్చింది సార్' అనేవాళ్ళు," అన్నారాయన కళ్ళు మూసుకుని. "స్పీడ్ లాక్ పీకేసుంటాడు."