మందారం బాబాయిగారు

అపార్ట్‌మెంటుకొక్కరైనా ఇలాంటి మనిషి ఉంటారు. మా బ్లాకులో ఆయన నాలుగో అంతస్తు. బ్యాంకులో ముప్ఫై ఏళ్లు అప్పులు వసూలు చేసి రిటైరయ్యారు. ఇప్పుడు ఒక మందార మొక్క దగ్గర పువ్వులు వసూలు చేస్తున్నారు. అది మొండి బకాయి.

కొన్నది కడియం నర్సరీలో. అక్కడ ఎర్రటి ఎండలో నిలబడి చెట్టు నిండా పూసిన మొక్క. గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో దానికి కింది బెర్తు ఇచ్చి తను పై బెర్తెక్కి, హైదరాబాదు తెచ్చి టీవీ పక్కన కూర్చోబెట్టారు. ఉన్నదొకటే ఉత్తరపు కిటికీ, దానికీ కర్టెను. మందారానికి రోజూ అయిదారు గంటలు నేరుగా ఎండ తగలాలని ఆయనకి తెలియదనుకునేరు! అంతా తెలుసు. దాని శాస్త్రీయనామం హైబిస్కస్ రోసా సైనెన్సిస్ అనీ, 1753లో లిన్నేయస్ పెట్టాడనీ వచ్చినవాళ్లకి కాఫీ కంటే ముందు చెబుతారు. పిన్నిగారు మాత్రం “ఆ దాసాని మొక్క” అంటారు.

ఎండ బాకీని ఆయన నీళ్లతో తీరుస్తారు. పొద్దున్న బియ్యం కడుగు, పదింటికి ఉల్లిపొట్టు నానబెట్టిన నీళ్లు, సాయంత్రం పాపం దాహమేసి ఉంటుందని మంచినీళ్లు. నేల పాడవకుండా కుండీ కింద పళ్లెం. అందులో నీళ్లెప్పుడూ నిలవే. వేళ్లకి గాలాడక ఆకులు పండిపోతుంటే “బలం చాలడం లేదు” అని ఇంకో చెంబు. ఎప్పుడో మినపగింజంత మొగ్గ కనబడుతుంది. ఫొటో వాట్సాప్‌లో బంధువులందరికీ వెళ్తుంది. మూడో రోజుకి మొగ్గ పళ్లెంలో తేలుతుంది.

బలం కోసం కోడిగుడ్డు పెంకులు కూడా వేస్తారు. వాళ్లది ఉల్లి తప్ప మరే అపచారమూ ఎరగని ఇల్లు. అందుకని చీకటి పడ్డాక ఆమ్లెట్ల బండి దగ్గర్నుంచి టిఫిన్ క్యారేజీలో తెస్తారు. ఒకరాత్రి లిఫ్టులో నాకు దొరికిపోయారు. క్యారేజీ వెనక్కి దాచి, “మందోయ్” అన్నారు. ఏ మందో నేనడగలేదు.

ఒకసారి పిండినల్లి పట్టింది. కణుపుల్లో తెల్లగా దూదిలా. లీటరు నీళ్లలో 5 మి.లీ. వేపనూనె, రెండు చుక్కల సబ్బు కలిపి కొడితే పోను! ఆయన పాత టూత్‌బ్రష్‌తో ఆకాకునీ తోమారు. పైనుంచి కిందికి, పళ్ల డాక్టరు చెప్పిన పద్ధతిలో.

ఎట్టకేలకు మొన్న ఉగాదికి ఒక్కటంటే ఒక్కటి విచ్చుకుంది. మందారం ఆయుష్షు ఒక్కరోజు. ఫోను తెచ్చుకుందామని ఆయన లోపలికెళ్లి వచ్చేసరికి, అది అమ్మవారి పటం మీదుంది. పండగపూట ఆ ఇంట్లో పచ్చడి ఒక్కటే కాదు, అన్నీ చేదే.

వేసవిలో మనవడి దగ్గరికని నెలన్నర బెంగళూరు వెళ్లారు. వాచ్‌మన్‌కి రెండు పేజీల జాగ్రత్తలు రాసిచ్చారు. అతనికి చదువు రాదు. కుండీని డాబా మీద నీళ్ల ట్యాంకు పక్కన పడేసి, పొద్దున్నే ఒక మగ్గు పోశాడు. అంతే.

తిరిగొచ్చిన రోజు నేనూ వెంట వెళ్లాను. పదకొండు పువ్వులు! బాబాయిగారు చాలాసేపు మాట్లాడలేదు. అర్థమైందనుకున్నాను.

“చూశావా! వెళ్లేముందు పోసిన ఉల్లిపొట్టు నీళ్లు ఇప్పటికి ఒంటబట్టాయి” అని కుండీ చంకనేసుకుని లిఫ్టు వైపు నడిచారు. “పద పద, ఈ ఎండకి పిల్ల కందిపోతోంది.”