ఇప్పుడే వస్తా బాబాయి

మా ముండ్లమూరు చుట్టుపక్కల ఏ ఊరికి పోయినా ఒక ‘ఇప్పుడే వస్తా బాబాయి’ కనిపిస్తాడు. తలంబ్రాల వేళకో, ఆస్పత్రిలో డాక్టరు పేరు పిలిచే వేళకో, బస్సు కదిలే వేళకో “ఇప్పుడే వస్తా” అని మాయమయ్యే పెద్దమనిషి. ఎక్కడికని ఎవరూ అడగరు. చొక్కా జేబు తడుముకుంటూ నడిచాడంటే సంగతి తెలిసినట్టే. తిరిగొచ్చేసరికి బుగ్గన యాలక్కాయ ఉంటుంది. ఒక పండగనాడు మా పిల్లలు పాయసం నోట్లో పెట్టుకుని “తాత వాసనొస్తంది” అన్నారు.

నేను చెప్పబోయే బాబాయి ఈ జాతిలో మేలు రకం. 2024 డిసెంబరు 21 నుంచి మూడు రోజులు వరసగా ముండ్లమూరులో భూమి కంపించింది. బడిపిల్లలు, ఆఫీసుల్లో ఉద్యోగులు బయటికి పరిగెత్తారు. బాబాయి కూడా పరిగెత్తాడు. అందరికన్నా ముందు రోడ్డు మీదికొచ్చి వెలిగించాడు. “యాడికి?” అని పిన్ని అడక్కుండా పట్టపగలు బయట నిలబడగలిగిన రోజులు అవేనని, ఇప్పటికీ ఆ ప్రకంపనలను సదభిప్రాయంతోనే తలుచుకుంటాడు.

వృత్తి చెప్పకపోతే ఆయన సగమే అర్థమవుతాడు. బాబాయి పొగాకు రైతు. వర్జీనియా పొగాకు వేయాలంటే పొగాకు బోర్డులో పేరుండాలి, ఆకు ఎండించే బ్యారన్‌కు లైసెన్సు ఉండాలి. బ్యారన్‌కు ఇంత అని పరిమితి. అంతకు మించి పండితే అమ్ముకోవడానికి కేంద్రం అనుమతి రావాలి, పైన అపరాధ రుసుం. మన రాష్ట్రంలో 1985 నుంచీ ఈ ఆకు అమ్మకం బోర్డు వేలం కేంద్రాల్లోనే. “పండించాలంటే లైసెన్సు, ఎక్కువ పండితే ఫైను, కాలిస్తే ఫైను. ఎటు తిరిగినా నేనే దొరికానేందిరా వీళ్లకి?” అంటాడు. అంటాడే గాని, నిబంధనంటే ఆయనకు భయమూ లేదు, కోపమూ లేదు. బోర్డు కనిపిస్తే ముందు చదువుతాడు. పూర్తిగా చదివి, ఎక్కడ సందుందో అక్కడ నిలబడి వెలిగిస్తాడు.

మొన్న వేసవిలో పొగాకు బేళ్లన్నీ అమ్ముడుపోయి, కట్టెల బాకీ తీరాక, పిల్లల పోరు పడలేక సూర్యలంక వైపు ఒక రిసార్టుకు బయల్దేరాం. రెండు కార్ల నిండా జనం. అద్దంకి దాటకముందే బాబాయి రెండు దఫాలు ఇప్పుడే వచ్చాడు.

రిసెప్షన్‌లో గోడ మీద బోర్డు: పొగతాగరాదు, ఇక్కడ పొగతాగడం నేరం. దాని కింద రిసార్టు వాళ్ల సొంత కవిత్వం: గదిలో తాగితే అయిదు వేలు. బాబాయి కళ్లజోడు పెట్టుకుని రెండూ చదివాడు. తరవాత పైబోర్డును జానతో కొలిచాడు. మాకందరికీ తల తీసేసినట్టయింది గాని, ఆయన కొలతలో తప్పులేదు. 2003లో వచ్చిన పొగాకు చట్టానికి 2008లో కొత్త నిబంధనలు చేశారు. అవి ఆ ఏడాది గాంధీ జయంతి నుంచి అమల్లోకి వచ్చాయి. వాటి ప్రకారం ఈ బోర్డు కనీసం అరవై సెంటీమీటర్లకు ముప్పై సెంటీమీటర్లు ఉండాలి. ఎవరైనా తాగితే ఎవరికి ఫిర్యాదు చేయాలో ఆ మనిషి పేరు కూడా కనిపించేలా రాయాలి.

“పేరేది బాబూ ఇక్కడ?” అన్నాడు కౌంటరు కుర్రాడితో. ఈ పెద్దాయన ఎవరిమీదో ఫిర్యాదు చేయబోతున్నాడనుకుని ఆ కుర్రాడు లేచి నిలబడి, పరమ మర్యాదగా తన పేరు చెప్పాడు.

“గదులెన్ని మీకు?”

“ఇరవై రెండు సార్.”

“ముప్పై ఉంటే సిగరెట్లు తాగేవాళ్లకి వేరే చోటు పెట్టుకోవచ్చు, తెలుసా? చట్టంలోనే ఉంది. ఇంకో ఎనిమిది కట్టించగూడదా మీ ఓనరు?”

కుర్రాడు ఓనరుకు చెబుతానన్నాడు. చెప్పే ఉంటాడు పాపం.

తరవాత మేనేజరు వచ్చాడు. బాబాయి వాదం ఆరుబయలు మీదికి మళ్లింది. పబ్లిక్ స్థలం అంటే ఆరుబయలు కాదని చట్టంలో ఉన్నమాట నిజమే. అయితే జనం వచ్చిపోయే స్టేడియాలు, బస్టాండ్లు లాంటివాటికి ఆ మినహాయింపు వర్తించదని 2008 నిబంధనలు సందు మూశాయి. ఈ రెండో ముక్క బాబాయికి తెలుసు. చెప్పడు. మేనేజరుకి మొదటి ముక్కే తెలియదు. అందుకని అతను “సార్, పిల్లలు ఆడుకుంటారు” అన్నాడు. చట్టం తెలియకపోయినా సరైన మాటే అన్నాడు. బాబాయి దాన్ని దాటవేసి ధర దగ్గరికొచ్చాడు. “సర్కారోళ్లే రెండొందలకి మించి వేయరు గదయ్యా, నువ్వు అయిదు వేలంటావేంది?” వేలం కేంద్రంలో బేలు పక్కన నిలబడ్డప్పటి నిలుపే అది. నడుం మీద చేతులు, మొహంలో ఏమీ తెలియనితనం. మేనేజరు పైసా దిగలేదు.

రిసార్టులో బాబాయి ఒంటరివాడేమీ కాదు. సాయంత్రానికల్లా అతిథుల్లో ఆయన సాటివాళ్లు ఒక్కొక్కరే బయటపడ్డారు. ఒకాయన గదిలో పొగ పసిగట్టే యంత్రానికి స్నానాల టోపీ తొడిగాడు. ఒకాయన రూం బాయ్‌కి వంద ఇచ్చి “నువ్వేమీ చూళ్లేదు” అన్నాడు. వాడు నిజంగానే ఏమీ చూళ్లేదు, అయినా తీసుకున్నాడు. ఇంకొకాయన సముద్రంలో నడుంలోతుకి వెళ్లి, అలల్లో చెయ్యి పైకెత్తి పట్టుకుని కాల్చాడు. సముద్రం రిసార్టు హద్దుల్లోకి రాదని ఆయన వాదన. ఆ పెద్దమనిషికి ఏ కోర్టులోనైనా కేసు గెలిచే లక్షణాలున్నాయి. యాష్‌ట్రేలు ఇవ్వకూడదని హోటళ్లకు నిబంధన. దాంతో సబ్బుపెట్టె, కాఫీ సాసరు, నీళ్లు తాగేసిన కొబ్బరిబోండాం అన్నీ యాష్‌ట్రేలే అయ్యాయి.

హైదరాబాదు నుంచి వచ్చిన మా అల్లుడిది మరో దారి. పెన్నులా ఉండేదొకటి తీసి పీల్చి, ద్రాక్షపళ్ల వాసన వదిలాడు. మన దేశంలో ఈ-సిగరెట్ల తయారీ, అమ్మకం, నిల్వ మొత్తం 2019లోనే నిషేధించారు. బాబాయిని మాత్రం బాధించింది చట్టం కాదు. “ఇందులో ఆకేది?” అని అడిగాడు. లేదన్నాడు అల్లుడు. “మరి ఏం తాగుతున్నావు, కరెంటా?” అన్నాడు. కూతుర్నిచ్చాక మొదటిసారి ఆ అల్లుడి మీద మనసు విరిగిందాయనకు.

రాత్రి భోజనాలయ్యాక అసలు కథ జరిగింది. గది పైకప్పున ఎర్రచుక్క మినుకుమంటోంది. బాబాయి దాన్ని కాసేపు చూసి బాత్‌రూంలోకి వెళ్లాడు. ఎగ్జాస్ట్ ఫ్యాను కింద అరచెయ్యి పెట్టి గాలి లాగుడు పరీక్షించాడు. బ్యారన్ కాల్చడంలో తలపండిన మనిషి. పచ్చాకు కర్రలకు కట్టి లోపలికి ఎక్కించాక, వంద డిగ్రీల దగ్గర పసుపు రంగు తిప్పాలి, చివరికి నూట అరవై దాకా తీసుకుపోయి ఈనె ఎండించాలి. అంతా ఫారెన్‌హీటు లెక్క. కింది కిటికీ ఎప్పుడు తెరవాలో, పై కిటికీ ఎప్పుడు మూయాలో రాత్రంతా మేలుకుని చూసుకోవాలి. వేళ తప్పితే ఆకు రంగు పోతుంది, రంగు పోతే రేటు పోతుంది. ఇంత విద్య ఉన్నవాడికి ఒక బాత్‌రూం ఎంత?

“కింద గాలి రానిస్తేనే పైన పొగ పోద్ది. ఈ కట్టినోళ్లకి ఆ ముక్క తెలవదు” అని తలుపు బెత్తెడు తెరిచిపెట్టి వెలిగించాడు.

బ్యారన్‌కి ఏసీ ఉండదు. లెక్క అక్కడ తప్పింది. ఫ్యాను లాగాల్సిన పొగంతా గదిలోకొచ్చింది. ఎర్రచుక్క కీచుమని అరిచింది. మనవరాలు ఉలిక్కిపడి లేచి ఏడుపు లంకించుకుంది. అప్పటికే పిన్ని మంచం మీద లేచి కూర్చుని ఉంది. ఆ యంత్రం ఇంకా పసిగట్టక ముందే ఆవిడ పసిగట్టింది.

పొగాకు వాసన ఎరగని పట్నం పాఠకుల కోసం ఒక సంగతి చెప్పాలి. వర్జీనియా ఆకును పొగ పెట్టి కాల్చరు. పొయ్యి పొగ రేకు గొట్టాల్లోంచి సాగి బయటికి పోతుంది. ఆకుకు వేడి మాత్రమే తగలాలి. ఎక్కడైనా గొట్టం చిల్లుపడి పొగ తగిలిందా, ఆ ఆకు చెడినట్టే. పొగాకుకు పొగ తగలకుండా కాపాడటమే మా పక్క రైతు పని.

ఇదంతా తెలిసిన పిన్ని, పిల్లను భుజానేసుకుని ఒక్కటే అడిగింది. “ఏమయ్యా, ఆకుకి పొగ తగిలితే రేటు రాదని గొట్టానికి చీమంత చిల్లుపడ్డా రాత్రి నిద్రపోవే! ఈ పసిదానికి తగిలితే ఏం కాదా?”

బాబాయికి జవాబు తోచలేదు. “ఇప్పుడే వస్తా” అన్నాడు.

వెళ్లింది జనరేటర్ షెడ్డు వెనక్కి. ప్రతి రిసార్టులోనూ బోర్డు లేని పొగగది అదే. అక్కడి సభ చూసి తీరాలి. మా కారు డ్రైవరు, వంటమేస్త్రి, రిటైరైన ఒక తహసీల్దారు, పగలు సముద్రంలో నిలబడ్డాయన, పెళ్లి మాట్లాడుకోను వచ్చిన ఇంకొల్లు ఆసామి, వాళ్లందరికీ కాపలాగా సెక్యూరిటీ గార్డు. అగ్గిపెట్టె కూడా హోటలు వాళ్లు ఇవ్వకూడదు కాబట్టి తహసీల్దారు డ్రైవరును నిప్పు అడగాల్సిందే. బయట పలకరింపు లేని ఇద్దరు తోడల్లుళ్లు అక్కడ ఒకే పుల్లతో వెలిగించుకున్నారు. తెల్లారేసరికి బాబాయికి రిసార్టంతా చుట్టాలే. టిఫిన్ దగ్గర మాకందరికీ రెండేసి ఇడ్లీలు, ఆయనకు నాలుగు. ఇంకొల్లు ఆసామితో మా పెద్దమ్మ మనవరాలి సంబంధం మాట కూడా కదిలింది. సిగరెట్టు తాగనందుకు నాకు ఆ రిసార్టులో రెండిడ్లీలే రాసిపెట్టి ఉన్నాయి.

గది ఖాళీ చేసేటప్పుడు మేనేజరు బిల్లుతో పాటు ఒక కవరు పెట్టాడు. మా వరండాలోని మందార కుండీ నుంచి ఊడ్చే ఆవిడ ఏరిన పీకలు. ఆవిడ పక్కనే నిలబడి ఉంది. “మొక్కకి నీళ్లు పోసేటప్పుడు వేళ్లకి తగులుతన్నయ్యి సార్, అందుకే తీశా” అంది, తానేదో తప్పు చేసిన గొంతుతో. బాబాయి బేరమాడలేదు. అయిదు వేలూ లెక్కపెట్టి ఇచ్చాడు. రసీదు మాత్రం రాయించుకున్నాడు.

లోకమంతా ఈయన మీద కక్ష కట్టిందని ఆయన నమ్మకం. అందులో కొంత నిజం లేకపోలేదు. ఫ్రాన్సులో 2025 జూన్ 29 నుంచి సముద్ర తీరాల్లో, పార్కుల్లో, బస్టాపుల్లో సిగరెట్టు వెలిగించకూడదు. మన కొత్త దంపతులు ఎగబడి వెళ్లే మాల్దీవుల్లో 2025 నవంబరు 1 నుంచి మరీ గట్టి చట్టం వచ్చింది. 2007 జనవరి 1న గాని, ఆ తరవాత గాని పుట్టినవాళ్లు అక్కడ జీవితంలో పొగాకు ముట్టకూడదు. వచ్చిపోయే యాత్రికులకూ అదే రూలు. ఈ సంగతి చదివి వినిపిస్తే బాబాయి ఆధార్ కార్డు తెప్పించుకుని పుట్టిన తేదీ చూసుకున్నాడు. తనకు వర్తించదని తేల్చుకుని, “మంచి చట్టమే. పిల్లకాయలు చెడిపోతన్నారు” అన్నాడు.

ఇక్కడే నాకు ఆయనతో పేచీ. “లేకపోతే బతకలేనురా” అంటాడు గదా, ఆ మాట నేను నమ్మను. తిరుమల కొండ మీద సిగరెట్టు నిషేధం. అలిపిరిలో తనిఖీ అని పెట్టె కిందే వదిలేస్తాడు. కంపార్టుమెంటులో గంటలకు గంటలు కూర్చుంటాడు, ఒక్కసారి కూడా ‘ఇప్పుడే వస్తా’ అనడు. చంటిపిల్లల్ని ఆడిస్తాడు, పక్కవాళ్లకు వాన సంగతులు చెబుతాడు, గోవిందలు కొడతాడు. శ్రీశైలం దారిలోనూ అంతే. దోర్నాల చెక్‌పోస్టు దాటాక దేశంలోకెల్లా పెద్ద పులుల అభయారణ్యం. ఎండాకాలం ఆ అడవి ఒక్క నిప్పురవ్వకు అంటుకుంటుంది. అడవిలో నిప్పు నేరం. ఘాట్ రోడ్డంతా బాబాయి చేతులు కట్టుకుని, కిటికీలోంచి చెట్లు చూస్తూ కూర్చుంటాడు. అదేంది బాబాయ్ అంటే “పులులుంటయ్‌రా” అంటాడు. పులికి పొగ పడదని ఎవరు చెప్పారో తెలియదు. వెంకన్న ముందు, పులి ముందు బతగ్గలిగిన మనిషి ఒక మేనేజరు ముందు, మనవరాలి ముందు ఎందుకు బతకలేడు?

నాకు ఇప్పుడు తట్టిన ఈ సంగతి పిన్ని ఎప్పుడో కనిపెట్టింది. రిసార్టు నుంచి వచ్చాక ఆవిడ కేకలేయలేదు, అలగలేదు. ఇకమీదట సెలవులకు వెళ్తే తిరుమల, లేకపోతే శ్రీశైలం, మూడో ఊరు లేదని పిల్లలతో చెప్పేసింది. కొండమీద గదులు కొన్ని నెలల ముందే ఆన్‌లైన్‌లో పెడతారు. విడుదలైన రోజే అల్లుడి చేత బుక్ చేయించింది. మీ ఇంట్లోనూ ఇలాంటి బాబాయి ఉంటే త్వరపడండి, ఆ గదులు నిమిషాల్లో అయిపోతాయి.