చెరువులో చెట్టు పడితే: తలకిందుల చిట్కాలు

పడిన చెట్టును నీళ్లలోనే ఉంచండి. కంభం, మార్కాపురం వైపు ఈ మాట అంటే తిక్క సలహా అంటారు. మొద్దుకు వల చిరుగుతుంది, పుట్టి తగులుకుంటుంది, జేసీబీ పెట్టి లాగిపారేస్తే చెరువు శుభ్రం అంటారు. ఆ శుభ్రతే చేపకు నిలువ నీడ లేకుండా చేస్తోంది.

ముందు మన నీళ్ల తీరు చూడండి. నల్లమలలో పుట్టే గుండ్లకమ్మ గానీ, గిద్దలూరు పక్కన పారే సగిలేరు గానీ ఏడాది పొడుగునా పారే నదులు కావు. వరదొస్తే చెట్లను వేళ్లతో సహా మోసుకొస్తాయి. ఎండాకాలానికి మడుగులే మిగులుతాయి. కొండల సందులో గుండ్లకమ్మకు అడ్డంగా విజయనగర కాలంలో కట్టిన కంభం చెరువును 2020లో ప్రపంచ నీటిపారుదల వారసత్వ కట్టడంగా గుర్తించారు. అంత చెరువు కూడా కరువేళ్లలో ఎండిపోతుంది. ఎండిన చెరువు గర్భంలో తుమ్మ, చిల్లకంప మొలుస్తాయి. వానలు పడి నీళ్లు చేరితే అవి మునిగి, చచ్చి, మోళ్లవుతాయి.

ఆ మోళ్లను ఎవరూ లెక్కలోకి తీసుకోరు. చేపలకు మాత్రం అవే ఇళ్లు. నీళ్లలో నానిన మానుకు పాచి పడుతుంది. పాచి కోసం పురుగులు, నత్తలు చేరతాయి, వాటి కోసం చిన్న చేపలు వస్తాయి. కొర్రమీను పిల్లలు కొమ్మల సందుల్లో దాక్కుంటాయి. మత్స్యకారుల సొసైటీ వాళ్లు వదిలిన బొచ్చె, శీలావతి పిల్లలకూ నీటికాకుల నుంచి అదే రక్షణ. మొద్దులన్నీ పీకి, ఆ తర్వాత చేపపిల్లలు బతకడం లేదని బాధపడితే ఏం లాభం?

ఆస్ట్రేలియాలో ముర్రే నదిలో పొగపడవల దారి కోసం పంతొమ్మిదో శతాబ్దం నుంచి మొద్దులు పీకేస్తూ వచ్చారు. ముర్రే కాడ్ అనే పెద్ద చేప తగ్గిపోయాక, డబ్బు ఖర్చుపెట్టి వేల మొద్దులను తిరిగి నదిలో దింపారు. మనకు ఆ ఖర్చు లేదు. ఉన్నవాటిని ఉండనిస్తే చాలు.

పుట్టికి, తెప్పకు దారి కావాలి, నిజమే. రెండు పుట్లు ఎదురెదురుగా వచ్చినా తప్పుకునేంత వెడల్పున ఒక్క దారి ఎంచుకోండి. అందులోకి చాచిన కొమ్మలే కొయ్యండి, మానును కదపకండి. దారికే అడ్డం పడిన మానైతే పక్కకు జరిపి, వేళ్లు గట్టు వైపు ఉండేలా పెట్టి, తేలిపోకుండా బండరాళ్లకు కట్టండి. కోత పని ఎండాకాలంలో, నీళ్లు తగ్గినప్పుడే. వరదలో మొద్దు లాగడానికి దిగొద్దు. మునిగే మోడు పక్కన వెదురు పాతి ఎర్రగుడ్డ కట్టండి. తెగిన తంగూసు వల మొద్దుకు చిక్కుకుంటే వదిలేయకండి, అది చేపల్ని చంపుతూనే ఉంటుంది.

పచ్చి ఆకుతో ఉన్న చెట్టు సంగతి వేరు. మే నెలలో లోతు లేని మడుగులో ఆకు కుళ్లితే నీళ్లలో ప్రాణవాయువు తగ్గుతుంది, తెల్లవారుజామున చేపలు నోళ్లు తెరుచుకుని పైకి తేలతాయి. ఆకు, రెమ్మ నరికి గట్టున పడేసి, మాను మాత్రం ఉంచండి. చిల్లకంప సన్న రెమ్మలు కూడా తీసేయాలి, ఆ ముల్లు కాళ్లనూ వలనూ వదలదు.

తూము నోట్లో, అలుగు మీద, వంతెన కానాల్లో ఇరుక్కున్న చెట్టును మాత్రం తీయించాల్సిందే. అక్కడ నీరు ఎగదన్నితే ఊరికే ముప్పు. కట్ట మీద మొలిచిన చెట్టును కూడా మొలకగా ఉన్నప్పుడే పీకాలి. పెద్దదై చచ్చాక దాని వేళ్లు కుళ్లి బోలుపడి, వాటి వెంట నీళ్లు కారతాయి. అలా ముదిరిన చెట్టు కనపడితే మీరే గొడ్డలి పట్టకుండా ఇరిగేషన్ వాళ్లకు చెప్పండి. నల్లమలలో అభయారణ్యం లోపలి వాగుల్లో ఎండుకొమ్మను కూడా తాకకండి, చట్టం ఒప్పుకోదు.

ఏ మోడు ఉంచాలో, ఏ దారి తెరవాలో చేపపిల్లలు వదలకముందే సొసైటీ మీటింగులో తేల్చండి. వల వేసేవాళ్లనూ, ఆయకట్టు రైతులనూ ఇద్దరినీ పిలవండి.