బీరువాలో దాచిన మాత్రలు

అమ్మకు రొమ్ము క్యాన్సర్ ఎముకలకు పాకిందని డాక్టరు చెప్పిన రోజునే ఆవిడతో అబద్ధమాడాను. "నడుం వాతమేనమ్మా, తగ్గిపోతుంది" అన్నాను. మార్ఫిన్ మాత్రలు రాసిచ్చారు. తెచ్చి బీరువాలో పట్టుచీరల కింద పెట్టి తాళం వేశాను.

నల్లమందులోంచి తీసేది కదా, మొదలుపెడితే అలవాటు పడిపోతుందని, మత్తులో పడ్డ మనిషి తొందరగా పోతుందని చుట్టాలంతా అన్నారు. చదువుకున్నవాణ్ణయ్యుండీ నేనూ నమ్మాను. ఆ భయం వెనక ఇంకోటి ఉంది. మత్తులో ఉంటే అమ్మ నన్ను గుర్తుపట్టదేమోనని. నొప్పి ఆవిడది, నేను చూసుకున్నది నా సంగతి.

అమ్మ పక్కకు తిరగాలంటే ముందు మంచంపట్టె గట్టిగా పట్టుకునేది. కాసేపు ఆగేది. పళ్ళు బిగపట్టి ఒక్క ఊపున తిరిగి, పిల్లలు లేస్తారని కొంగు నోట్లో కుక్కుకునేది. నేను గుమ్మంలో నిలబడి చూస్తూ, అమ్మకు ఓర్పెక్కువ అనుకున్నాను. చుట్టాలతో గొప్పగా చెప్పాను కూడా. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ తల ఎత్తలేను. తిండి దగ్గరా అంతే. తినకపోతే నీరసిస్తుందని చెంచాతో జావ బలవంతాన పోశాను. పొలమారి ఉక్కిరిబిక్కిరైతే వీపు నిమిరి మళ్ళీ పోశాను.

ఇంటికొచ్చి చూసే పాలియేటివ్ కేర్ (ఉపశమన వైద్యం) నర్సమ్మ, మాత్రలేవని అడిగి, నా మొహం చూసే విషయం గ్రహించింది. కోప్పడలేదు. క్యాన్సర్ నొప్పికి డాక్టరు చెప్పిన మోతాదులో వాడితే వ్యసనమవడం బహు అరుదని, అలా వాడితే ఆయుష్షు తగ్గదని చెప్పింది. నొప్పి లేచేదాకా ఆగకుండా నాలుగు గంటలకోసారి వేళ తప్పక వేయాలంది. మలబద్ధకం ఎలాగూ వస్తుంది గనక విరేచనం మాత్ర జతగా ఇవ్వమంది. మొదట్లో వికారం, మగత ఉన్నా చాలామందికి కొద్దిరోజుల్లో సర్దుకుంటాయట. తినలేని మనిషికి కుక్కి పెట్టొద్దని చెప్పి, తడిగుడ్డతో పెదాలూ నాలుకా ఎలా తుడవాలో చేసి చూపించింది.

మాత్ర పడ్డాక అమ్మ ముందు నిద్రపోయింది. ఎన్నాళ్ళ నిద్రో అది. తేరుకుని దిండుకానుకుని కూర్చున్నాక, "పాలాయనకు డబ్బులిచ్చావా?" అని అడిగింది. ఆ తర్వాత, "నాకన్నీ తెలుసులేరా. గాజులు చెల్లికివ్వు, దాంతో పోట్లాట పెట్టుకోకు" అంది. ఏ అమ్మ నన్ను గుర్తుపట్టదని భయపడ్డానో, నొప్పి తగ్గాకే ఆ అమ్మ నాతో మనసువిప్పి మాట్లాడింది. అప్పటిదాకా పోయిన రోజుల్ని నేనే పోగొట్టాను.

1985 నాటి మాదకద్రవ్యాల చట్టం వచ్చాక, లైసెన్సుల తంటాకు జడిసి ఎన్నో ఆసుపత్రులు మార్ఫిన్ ఉంచడమే మానేశాయి. కేరళలో 1993లో కోజికోడ్‌లో ఉపశమన వైద్యం మొదలుపెట్టిన డాక్టర్ ఎం.ఆర్. రాజగోపాల్ వంటివాళ్ళు ఏళ్ళ తరబడి వెంటపడితే, 2014లో పార్లమెంటు చట్టాన్ని సవరించి దారి సులువు చేసింది. అంతమంది కష్టపడి రోగి గుమ్మందాకా తెచ్చిన మందును నేను చీరల కింద దాచాను.

మీ ఇంట్లో అమ్మలా నొప్పితో బాధపడే మనిషి ఉంటే, "ఇక చేసేదేం లేదు" అని ఎవరన్నా నమ్మకండి. హైదరాబాద్‌లో ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రిలో ఉపశమన వైద్య విభాగం ఉంది. స్పర్శ్ హాస్పిస్‌లో డబ్బు తీసుకోకుండా చూస్తారు. తెలంగాణ జిల్లాల్లో ప్రభుత్వ పాలియేటివ్ కేర్ కేంద్రాలున్నాయి. వెళ్ళి అడగండి. మాత్రలిస్తే వేళకు వేయండి.