అన్నీ సెట్టయితాయి లేప్పా: సవ్యాఖ్యానం

మూలము

ఐ ఫైవ్ ప్రాసెసర్, హెచ్ 610 బోర్డు, 16 జీబీ ర్యామ్, 8 జీబీ గ్రాఫిక్స్ కార్డు, 500 వాట్స్ ఎస్‌ఎంపీఎస్, ఆర్‌జీబీ క్యాబినెట్. అన్నీ సెట్టయితాయి లేప్పా.

అవతారిక

ఈ గ్రంథం ఒక కంప్యూటర్ దుకాణం వారి కొటేషన్ చీటీ. బాల్‌పెన్నుతో రాసినది, ఏకప్రతి. కర్త నామధేయం చీటీ నెత్తిన అచ్చయి ఉన్నా, వ్యాఖ్యాతకు మళ్ళీ ఆ వీధిన నడిచే పని ఉంది గనుక చెప్పడం లేదు. చివరి వాక్యం చీటీలో లేదు, నోటిమాట. అయినా శతకానికి మకుటంలాగా ప్రతి కొటేషన్ చివరా వినబడుతుంది కాబట్టి మూలంలోనే చేర్చాం. 'టెన్షన్ పడొద్దన్నా, మేమున్నాం గదా' అని పాఠాంతరం.

ఈ గ్రంథానికి పాఠకుడు ఆలూరులో ఇంటరు చదివే మా మేనల్లుడు. ఆలూరు పిల్లలు గేమింగ్ పీసీ అసెంబుల్ చేయించుకోవాలంటే ఆదోనికో బళ్ళారికో పోతారు. ధైర్యం, బస్సు చార్జీ రెండూ ఉంటే బెంగళూరు ఎస్.పి. రోడ్డుకు పోతారు. రాష్ట్రం దాటి బళ్ళారి ఎందుకని దూరపు జిల్లాల వారు శంకించవచ్చు. 1953 అక్టోబరు 1 దాకా ఆలూరు బళ్ళారి జిల్లాలో తాలూకా. ఆ రోజున ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రకు వచ్చాయి, బళ్ళారి మైసూరుకు పోయింది. గీత మారింది గానీ కాళ్ళ అలవాటు మారలేదు. పెళ్ళిబట్టలకు, పెద్దాసుపత్రికి, ఇప్పుడు గ్రాఫిక్స్ కార్డుకు అవి అటే నడుస్తాయి.

వ్యాఖ్యాతలందరికీ పెద్దదిక్కు మెదక్ సీమ కొల్చారం వాడైన మల్లినాథ సూరి. మూలంలో లేనిది రాయననీ, అక్కర లేనిది చెప్పననీ ఆయన ప్రతిన పట్టాడు. పట్టగలడు. ఆయనకు దొరికిన మూలకర్తలు కాళిదాసు, భారవి, మాఘుడు. మాకు దొరికిన మూలంలో ఉండవలసినదేదీ లేదు. కనుక మొదటి ప్రతినను ఇక్కడే వదిలేస్తున్నాం. రెండోది ఎంతసేపు నిలుస్తుందో పాఠకులే చూస్తారు.

టీక

'ఐ ఫైవ్'. దీని అర్థం అందరికీ తెలుసు, వదిలేద్దాం. తెలియనిది ఏ ఐ ఫైవ్ అన్నది. 2009లో ఇంటెల్ ఈ పేరు పెట్టింది మొదలు 1156, 1155, 1150, 1151, 1200, 1700 అంటూ సాకెట్లు మారుతూ వచ్చాయి. ఈ అంకెలు ప్రాసెసర్ అడుగున ఆనే కాంటాక్టుల లెక్క. 1155లో కూర్చునేది 1156లో కూర్చోదు. ఒక్కటే కదా తేడా, సర్దుకోదా అంటే సర్దుకోదు. ఈ వ్యవహారంలో సర్దుకునేది కొనేవాడొక్కడే. పోనీ అంకె కలిస్తే చాలునా? 2015లో వచ్చిన 1151 బోర్డు మీద 2017 చివర్లో వచ్చిన ఎనిమిదో తరం ప్రాసెసర్ చక్కగా కూర్చుంటుంది, పని మాత్రం చేయదు. చీటీలో తరం లేదు, మోడల్ నంబరు లేదు. రఘువంశపు రాజు అని ఊరుకుంటే దిలీపుడనుకోవాలా, అగ్నివర్ణుడనుకోవాలా? ఆ ఇద్దరి మధ్య వంశం ఎంత దిగజారిందో కాళిదాసుకు పద్దెనిమిది సర్గలు దాటితే గానీ చెప్పడం తీరలేదు.

'హెచ్ 610'. ఇది 1700 సాకెట్ బోర్డు, 2022 జనవరిలో వచ్చింది. కాబట్టి చీటీలోని ఐ ఫైవ్ 12, 13, 14 తరాలలో ఏదో ఒకటి అయి ఉండాలని ఊహ. ఇంతవరకు సంతోషమే. అయితే 14వ తరం బయటికి వచ్చింది 2023 అక్టోబరులో. అంతకు ముందే తయారై దుకాణం బీరువాలో పడి ఉన్న బోర్డుకు ఆ ప్రాసెసర్ ఎవరో తెలియదు. బయాస్ అప్‌డేట్ చేసేదాకా తెర నల్లగానే ఉంటుంది. అప్‌డేట్ చేయాలంటే చాలా బోర్డుల్లో పాత తరం ప్రాసెసర్ ఒకటి పెట్టి నడపాలి. ఆ పాతది దుకాణంలో ఉంటే ఉండొచ్చు, ఆలూరులో ఎవరింట్లో ఉంటుంది?

విశేషము

ఇచట ఒక శాస్త్రచర్చ తప్పదు. ఈ పొంతనను పెళ్ళి జాతకాలతో పోల్చి 36 గుణాలు లెక్కించడం ఎవరైనా చేస్తారు. అసలు ఆధారం తర్కశాస్త్రంలో ఉంది. మాటలు పక్కపక్కన పడితే వాక్యం కాదనీ, అర్థం పుట్టాలంటే ఆకాంక్ష, యోగ్యత, సన్నిధి అని మూడు ఉండాలనీ మన అన్నంభట్టు తర్కసంగ్రహంలో తేల్చాడు.

ఒక మాట ఇంకో మాటను కోరడం ఆకాంక్ష. ఆవు, గుర్రం, మనిషి, ఏనుగు అని వరుసగా అంటే ఎవరూ ఎవరినీ కోరలేదు, అది వాక్యం కాలేదు. ప్రాసెసర్, బోర్డు, ర్యామ్, కార్డు అన్న మన మూలం ఈ జాతిదే.

యోగ్యత ఇంకా సూక్ష్మం. 'నిప్పుతో తడుపు' అంటే వ్యాకరణానికి ఏ అభ్యంతరమూ లేదు. విభక్తి సరిపోయింది, క్రియ ఉంది. నిప్పుకు తడిపే యోగ్యత లేదు, అంతే. డీడీఆర్4 బోర్డులో డీడీఆర్5 ర్యామ్ పెట్టమనడం సరిగ్గా ఇదే. రెండింటికీ 288 పిన్నులే, గాటు మాత్రం వేరే చోట. ఆ గాటు పెట్టినవాడెవడో మహా తార్కికుడు, అయోగ్యమైన వాక్యాన్ని పలకనివ్వకుండా నోరే కట్టేశాడు. హెచ్ 610 బోర్డుల్లో డీడీఆర్4వీ ఉన్నాయి, డీడీఆర్5వీ ఉన్నాయి. మూలకర్త '16 జీబీ' అని మౌనం వహించాడు.

ఇక సన్నిధి. 'ఆవును' అని ఇప్పుడు, 'తోలుకురా' అని జాము తర్వాత అంటే ఆవు రాదు. మూడింటిలో మా సీమకు తగిలేది ఇదే. మా పక్క పీసీని ఒక్కసారిగా కొనరు. శెనక్కాయల డబ్బుకు ప్రాసెసర్, బోర్డు వస్తాయి. పత్తి ఆదోని మార్కెట్ యార్డులో తూకం పడ్డాక గ్రాఫిక్స్ కార్డు వస్తుంది. ఈలోపు ప్రాసెసర్ నంబరు చివర 'ఎఫ్' ఉందనుకోండి. దానికి సొంత గ్రాఫిక్స్ ఉండదు. కార్డు వచ్చేదాకా తెర మీద బొమ్మే రాదు. బోర్డు మంచిదో, ర్యామ్ మంచిదో ఇంట్లో చూసుకునే దారి ఉండదు. వాపసు గడువు డబ్బాలోనే తీరిపోతుంది. వాన రాని ఏడు తాళాలేసుకుని సుగ్గికి గుంటూరు పక్క మిరపకాయలు తెంపడానికి పోయి తెచ్చుకున్న డబ్బు కూడా ఆ డబ్బాలో ఉండొచ్చు. అన్నంభట్టు ఇది రాయలేదు.

అన్నంభట్టులో మాకు నచ్చే గుణం ఇంకొకటుంది. తన గ్రంథానికి తానే దీపిక అని వ్యాఖ్య రాసుకున్నాడు. చదివేవాడికి అర్థం కాకపోతే ఆ బరువు రాసినవాడిదే అనుకున్న కర్త లోకంలో అరుదు. తర్కసంగ్రహానికే గోవర్ధనుడి న్యాయబోధిని అని మరో వ్యాఖ్య ఉంది. దీపిక ఎక్కడ విప్పుతుంది, న్యాయబోధిని ఎక్కడ బిగిస్తుంది అన్నది చూస్తూ కూర్చుంటే పొద్దే తెలియదు. ఉదాహరణకు అనుమాన ఖండంలో పొగ, కొండ, నిప్పు... మనం గ్రాఫిక్స్ కార్డు దగ్గర కదూ ఉన్నాం? రెండో ప్రతిన కూడా పోయింది.

'8 జీబీ'. ఇది కార్డు జ్ఞాపకానికి కొలత, బలానికి కాదు. 2017 నాటి ఆర్‌ఎక్స్ 580లోనూ 8 జీబీ దొరుకుతుంది, 2023 నాటి ఆర్‌టీఎక్స్ 4060 కూడా 8 జీబీయే. మొదటిది 185 వాట్లు తాగుతుంది, రెండోది 115. ఇక్కడికి చాలు.

'500 వాట్స్ ఎస్‌ఎంపీఎస్'. ఇచట వ్యాఖ్యాతకు శాంతం చెడుతుంది. ప్రాసెసర్, కార్డు తాగేదంతా 12 వోల్టుల దారి నుంచి. ఎస్‌ఎంపీఎస్ పక్కన అంటించిన పట్టికలో 12 వోల్టుల కింద 18 ఆంపియర్లని ఉంటే, 12తో గుణించండి. 216 వాట్లు. పైన మాత్రం పెద్దక్షరాలతో 500. దీన్ని అతిశయోక్తి అలంకారమంటారు. కావ్యంలో శోభిస్తుంది, కరెంటు దగ్గర కాలుతుంది. ఆర్‌ఎక్స్ 580కి 185, ప్రాసెసర్‌కు మామూలుగా 65 కలిపితే అక్కడికే 250 అవుతుంది. ఆట రసపట్టులో పడగానే పీసీ దానంతటది ఆరిపోతుంది. ఫోన్ చేస్తే 'గేమ్ ప్రాబ్లం అన్నా, మళ్ళా ఇన్‌స్టాల్ చెయ్' అని భాష్యం వస్తుంది. 2004లో మొదలైన 80 ప్లస్ గుర్తు కూడా విద్యుత్తు ఎంత తక్కువ వృథా అవుతుందో చెబుతుందే గాని, మిగతా సామాను కాపాడతానని హామీ ఇవ్వదు. పైగా 230 వోల్టులన్నది పాఠ్యపుస్తకంలో అంకె. పక్క పొలంలో మోటార్లు లేస్తే మన బల్బు ఎర్రబడే ఊళ్ళలో, డబ్బు తగ్గించాలంటే ముందు ఎస్‌ఎంపీఎస్ మీదే కోత వేసి, మిగిలినదాన్ని రంగుల దీపాలకు పోసేవాళ్ళను ఏమనాలో అమరకోశంలో మాట లేదు.

డబ్బుంటే ఈ బాధ లేదనుకోకండి. 2022 అక్టోబరులో 1,599 డాలర్ల ఆర్‌టీఎక్స్ 4090 కొన్నవారిలో కొందరికి దాని పవర్ కనెక్టరే కరిగిపోయింది. కంపెనీ పరిశీలించి, కనెక్టర్ పూర్తిగా లోపలికి దిగకపోవడం ప్రధాన కారణంగా కనబడుతోందన్నది. అమెరికాలో కూడా చివరికి తప్పు గుచ్చినవాడి మీదికే వచ్చింది.

'ఆర్‌జీబీ క్యాబినెట్'. కార్డు పొడవు, కూలర్ ఎత్తు మిల్లీమీటర్లలో చూసుకోవాలి. ముందువైపంతా అద్దమైతే గాలి రాదు. నల్లరేగడి దుమ్ము మాత్రం వస్తుంది.

తాత్పర్యము

డబ్బు కట్టు, అడగొద్దు.

మా ఫిర్యాదు కూడా చిన్నదే. ఈ పొంతన గురుముఖతః నేర్వవలసిన రహస్యవిద్యేమీ కాదు. ఏ ప్రాసెసర్ ఏ బయాస్ నుంచి నడుస్తుందో బోర్డు కంపెనీవాళ్ళే పట్టిక వేసి పెడతారు. అది చూసి చీటీ మీద ఒక ముక్క రాయడానికి టీ తాగినంత సేపు పట్టదు. ఆ ముక్క రాయకుండా, పిల్లవాడు ప్రశ్న వేస్తే 'బాటిల్‌నెక్ అయితాది, నీకు తెల్వదులే' అని ఒక బీజాక్షరం విసురుతారు. పక్కన నిలబడ్డ తండ్రి అదేదో పెద్ద చదువనుకుని జేబులో చెయ్యి పెడతాడు. పట్నంలో పొరపాటైతే సాయంత్రం పోయి మార్చుకుంటారు. ఆలూరు వాడు మార్చుకోవాలంటే ఒక రోజు పని, రెండు వైపులా బస్సు చార్జీ, దుకాణంలో మళ్ళీ అదే మకుటం.

కాబట్టి చదువరులారా, ప్రాసెసర్ పూర్తి నంబరు చివరి అక్షరంతో సహా, బోర్డులోని బయాస్ వెర్షన్, ర్యామ్ తరం, ఎస్‌ఎంపీఎస్ 12 వోల్టుల ఆంపియర్లు, కార్డు పొడవు చీటీ మీద రాయించి సంతకం పెట్టించుకోండి. రాయనంటే అడ్వాన్సు ఇవ్వకండి. ఆదోనిలోనూ బళ్ళారిలోనూ ఉన్నది ఒక్క దుకాణమే కాదు.