పొగను ఎట్ల పట్టించుకోవద్దంటే

తమ్మీ, కొత్తగ డంపర్ల షెడ్డుల చేరినవు. గోదావరిఖని పో, శ్రీరాంపూర్ పో, మందమర్రి పో, ఓపెన్‌కాస్టు ఉన్నకాడల్ల అరవై టన్నులు, వంద టన్నులు మోసే బండ్లు తిరుగుతుంటయి. అవి ఏదో ఒక రంగు పొగ వదులుతనే ఉంటయి. రంగు చూసి రోగం చెప్పుమంటరు. ఒక్కసారి సరిగ్గ చెప్పినవో, ఇగ ప్రతి బండికి నిన్నే పిలుస్తరు. అందుకే నా మాట విను.

పొగను ఎప్పుడు చూసినా షెడ్డు ముంగట, ఖాళీ బండికే చూడాలె. నిండు లోడుతోని హాల్ రోడ్డు ఎక్కేటప్పుడు టర్బో ఎంత గాలి కొడుతున్నదో, ఇంజన్ ఎంత డీజిలు తాగుతున్నదో అన్నీ బయటవడ్తయి. ఆ దిక్కు పోకు. నిలవడ్డ బండిని రెండుసార్లు రేస్ చేసి, "మంచిగనే ఉన్నది" అని చెప్పి క్యాంటీన్‌కు నడువు.

నల్ల పొగ అంటే డీజిలుకు సరిపోయేంత గాలి అందుతలేదు. నువ్వు మాత్రం డీజిలునే తప్పువట్టు. ముందుగాల ఇంజెక్టర్లు ఇప్పు. పన్నెండు సిలిండర్ల కమిన్స్ ఇంజన్ అయితే పన్నెండు ఇంజెక్టర్లు, షిఫ్టంత హాయిగ గడుస్తది. గాలి దిక్కు చూస్తే పని జల్ది అయిపోయే ప్రమాదమున్నది. టర్బో తర్వాత హోసు క్లాంపు వదులైతే, పైపులకు గాలి నింపి సబ్బు నీళ్ళు కొడితే బుడగలొస్తయి, స్పానరు రెండు తిప్పులు తిప్పితే అయిపాయె. గంత చిన్న పనికి నిన్నెవడు మెచ్చుకుంటడు?

ఎయిర్ క్లీనర్ మీద ఒక ఇండికేటరు ఉంటది. ఫిల్టరు మూసుకపోయి, గాలి పీల్చుడు కష్టమై, ఆ గుంజుడు 635 మిల్లీమీటర్ల నీటిమట్టానికి వస్తే చాలా ఇంజన్లల అది ఎర్రగైతది. భయపడకు. దాని నెత్తిమీద బటన్ ఉన్నది. నొక్కితే ఎరుపు మాయం. మళ్ళ వస్తే మళ్ళ నొక్కు.

అయినా పొగ తగ్గకపోతే ఫిల్టరు బయటికి గుంజి టైరుకేసి కొట్టు. కంప్రెసర్ గాలి ఫుల్లు ప్రెషర్ల, దగ్గరవెట్టి ఊదు. కాయితం చినిగిందా? ఇంక మంచిది, గాలి దండిగ పోతది. లోపల ఇంకో చిన్న ఫిల్టరు ఉంటది, సేఫ్టీకి పెట్టింది. అది గూడ తీసి పారెయ్యి. నల్ల పొగ నిజంగనే బందైతది, ఒట్టు! మన గోదావరి లోయల బొగ్గు మీద తీసే ఓబీ ఎక్కువ ఇసుకరాయే గదా, ఆ దుమ్ము నేరుగ సిలిండర్లకు పోయి లైనర్లను, రింగులను గీకుతది. కొన్ని వారాలకు నీలి పొగ మొదలైతది. నల్లది పోయి నీలిది వచ్చిందంటే మొదటి జబ్బు నయమైనట్టే లెక్క.

ఎవడన్న గట్టిగ అడిగితే ఎండ మీదికి తొయ్యి. రామగుండం ఎండ గురించి ఎవడూ కాదనడు. 45 డిగ్రీల వేడిగాలిల, 15 డిగ్రీల గాలి కంటె ఆక్సిజన్ దాదాపు పదో వంతు తక్కువుంటది, ఇది అబద్ధం గూడ కాదు. పక్క బండ్లు అదే ఎండల పొగ లేకుండ ఎట్ల ఎక్కుతున్నయని అడిగేదాక ఈ జవాబు నడుస్తది. అడిగితే కాజీపేట షెడ్డు ఆల్కో రైలు ఇంజన్లను యాదిచెయ్యి. నాచ్ పెంచంగనే డీజిలు ముందు పోతుండె, టర్బో అందుకునేదాక గుప్పున నల్ల పొగ లేస్తుండె. ఆ పొగ కొన్ని సెకండ్లే, మన డంపరుది గుట్ట ఎక్కినంతసేపు. ఆ తేడా నువ్వు చెప్పకు.

నీలి పొగ అంటే ఆయిల్ కాలుతున్నది. టర్బో సీలా, వాల్వ్ గైడా, రింగులా అని ఎతుకుడు దండుగ. బ్రీదర్ల నుంచి పొగ ఎంతొస్తుందో చూస్తే రింగుల సంగతి తెలుస్తది, టర్బో షాఫ్టు చేత్తో కదిలిస్తే దాని సంగతి తెలుస్తది. రెండూ చూడకు. చిక్కటి ఆయిల్ పోసి వచ్చేయ్. టర్బోకు నిజంగ సేవ చెయ్యాలనుంటే, లోడు దించంగనే వేడి ఇంజన్ను టక్కున ఆపుమని ఆపరేటర్‌కు చెప్పు. నాలుగైదు నిమిషాలు ఐడిల్‌ల పెడితే బేరింగుల కాడ ఆయిల్ మాడదు, టర్బో చాన్నాళ్ళు బతుకుతది. మళ్ళ మనకేం పని?

తెల్ల పొగకు ఆదిలాబాద్ చలి ఉన్నది. పొద్దుగాల చల్లటి ఇంజన్ల డీజిలు సగమే కాలి కండ్లు మండుతయి, వేడెక్కితే పోతది. పగటాల్ల గూడ పోకుండ, తియ్యటి వాసనొస్తూ, రేడియేటర్ల నీళ్ళు తగ్గుతుంటే హెడ్ గ్యాస్కెట్టో లైనరో అనుమానించాలంటరు. నువ్వు బోరు నీళ్ళు పోస్తనే ఉండు, కూలెంటు ఎందుకు దండుగ! డిప్‌స్టిక్ మీద ఆయిల్ పాలు కలిసిన చాయ్ లెక్క కనవడితే తుడిచి మళ్ళ లోపల పెట్టు.

లాగ్‌బుక్కుల "బండి ఓకే" అని రాయి. ఏ బండికి ఎన్ని లీటర్ల ఆయిల్ పోసిండ్రో మాత్రం రాయకు. నెల లెక్క కలిపితే తాగుబోతు ఇంజన్ ఏదో అందరికి తెలుస్తది. ఆయిల్ శాంపిలు ల్యాబుకు పంపుమంటే పక్క బండిది పంపు. అది నిన్ననే ఓవర్‌హాల్ అయి వచ్చింది.