గ్రీజు రుణం

డాలస్ విమానాశ్రయానికి కోడలొచ్చింది. "ఆయన పనిలో ఉన్నారు మామయ్య గారూ" అంది. ఆఫీసు పని కాబోలనుకున్నాడు పెద్దాయన. బెజవాడ ఆటోనగర్‌లో ముప్ఫై అయిదేళ్ళు లారీ మెకానిక్‌గా బతికిన మనిషి. కొడుకు ఏసీ గదిలో కంప్యూటర్ ముందు కూర్చుని జీతం తీసుకుంటున్నాడంటే, జన్మలో తను చేసిన అతి పెద్ద రిపేరు అదేనని ఆయన లెక్క. తీరా కారు ఇంటి ముందు ఆగేసరికి ఎదురుగా పది చక్రాల పచ్చ లారీ. దాని కిందనుంచి రెండు కాళ్ళు బయటికున్నాయి. క్లీనర్ కుర్రాణ్ణి పెట్టుకున్నారేమో అనుకున్నాడు. కాళ్ళు జరిగాయి. వాటి వెనకాల నడుం, నడుం వెనకాల గ్రీజు పూసుకున్న కొడుకు మొహం బయటికొచ్చాయి.

"ఒరేయ్, నిన్ను దీని కిందనుంచి తప్పించడానికే కదరా అంతంత ఫీజులు కట్టింది!"

"ఇది వేరు నాన్నా. ఇది హాబీ."

ఆటోనగర్‌లో ఆ మాట చెల్లదు. అక్కడ లారీ కింద దూరినవాడికి కూలీ ఇస్తారు. ఇక్కడ దూరడానికి వీడే ఎదురు డబ్బు పోస్తున్నాడు.

ఆ లారీ పేరు ఎం35ఎ2. అమెరికా సిపాయిలు పెట్టిన ముద్దుపేరు 'డ్యూస్ అండ్ ఎ హాఫ్'. రోడ్డు లేనిచోట కూడా రెండున్నర టన్నులు మోస్తుంది కనక 'రెండున్నర' అన్నమాట. 1950 ప్రాంతంలో రియో అనే కంపెనీ ఈ వంశాన్ని మొదలుపెట్టింది. ఈ ఇంటి ముందున్న శాల్తీ మాత్రం 1969లో ఇండియానా రాష్ట్రంలోని సౌత్ బెండ్‌లో కైజర్ జీప్ వాళ్ళ చేతిలో పుట్టింది. ఖాళీగా ఉన్నా దాదాపు ఆరు టన్నుల బరువు. దాన్ని లాగేది 134 హార్స్ పవర్. పవర్ స్టీరింగ్ లేదు, దానికి బదులు డ్రైవరుకి భుజాలున్నాయి. గట్టిగా తొక్కితే గంటకు 90 కిలోమీటర్లు పోతుంది. అప్పటికి పక్కవాడి మాటలు వినపడవు, టర్బో వేసే ఈల ఒక్కటే వినపడుతుంది. భార్యాభర్తలు కలిసి ప్రయాణించడానికి ఇంతకన్నా ప్రశాంతమైన బండి లేదని కొడుకు వాదన. కోడలు ఆ విషయంలో అతనితో పూర్తిగా ఏకీభవిస్తుంది, అందుకే ఎక్కదు.

ఈ బండిని గీసినవాళ్ళ మనసులో ఉన్నది పంతొమ్మిదేళ్ళ కుర్ర సిపాయి. నిన్ననే డ్రైవింగ్ నేర్చాడు, రేపే యుద్ధం. వాడు దీన్ని ప్రేమించాలని ఎవరూ కోరుకోలేదు. గోతుల్లో దూకించి, బురదలో ఈదించి, ప్రాణం తీస్తాడనే అనుకుని, దానికి తగ్గట్టు కట్టారు. తాళంచెవి కూడా పెట్టలేదు. మీట తిప్పి బొత్తాం నొక్కితే స్టార్టవుతుంది, ఆపాలంటే కేబుల్ లాగాలి. అంత మొరటు శాల్తీని ఇప్పుడు నలభై ఎనిమిదేళ్ళ మనిషి పసిపిల్లకు నలుగు పెట్టినట్టు మెత్తటి గుడ్డతో తుడుస్తున్నాడు. ఎవరైనా ఎత్తుకుపోతారేమోనని స్టీరింగుకి గొలుసు చుట్టి తాళం వేశాడు. సైన్యంలోనూ ఇలాగే వేసేవారని గొప్పగా చెప్పాడు.

"మన రిక్షాలక్కూడా అంతేరా" అన్నాడు తండ్రి.

మొదటి రాత్రే హెడ్‌లైట్ల పరీక్ష జరిగింది. డ్యాష్‌బోర్డు మీద ఒకే స్విచ్చికి మూడు మీటలు. పెద్ద మీట తిప్పితే తిరగదు. ఎడమవైపున్న చిన్న మీటని పైకెత్తి పట్టుకుని, అప్పుడు పెద్దది తిప్పాలి. చీకట్లో నక్కి ఉన్న సిపాయి పొరపాటున లైటు వేసి శత్రువుకి ఆచూకీ ఇవ్వకూడదని ఈ బందోబస్తు. రహస్యంగా మిణుకుమిణుకుమనే బ్లాకవుట్ లైటుకైతే ఏ అడ్డూ లేదు. అంటే కనపడకుండా పోవడం తేలిక, కనపడాలంటేనే రెండు చేతుల పని. టెక్సాస్ రాష్ట్రంలో ఈ లారీకి ప్రస్తుతం ఉన్న శత్రువు ఆ కాలనీ సంఘం ఒక్కటే. వాళ్ళకి చీకట్లో కూడా బాగానే కనపడుతోంది.

సంఘం వారు వాణిజ్య వాహనాలు ఇళ్ళ ముందు నిలపకూడదని నోటీసు పంపారు. కొడుకు రాసిన జవాబు కోడలికి కంఠతా వచ్చు. ఈ బండి ఇంతవరకూ ఒక్క డాలరు సంపాదించలేదు కనక దీన్ని వాణిజ్య వాహనం అనడం న్యాయం కాదు, ఖర్చుల రసీదులు జతపరిచాను, అని. పైగా పాతికేళ్ళు దాటిన బండి కనక దానికి పురాతన వాహనాల నంబరు ప్లేటుంది. ఆ ప్లేటుతో ప్రదర్శనలకీ ఊరేగింపులకీ తిప్పుకోవచ్చు, కూరగాయలకి వెళ్ళడానికి వీల్లేదు. కోడలి పాలిట అదొక్కటే ఊరట.

పెద్దాయన నాలుగు రోజులు లారీ వైపు చూడకుండా తిరిగాడు. అయిదోరోజు టైరు మీద అంకెలు కంటపడ్డాయి. 9.00-20. ఆటోనగర్‌లో 'తొమ్మిది వందల ఇరవై' అంటే ఇంటిపేరు లాంటిది. మన లారీలు తరాల తరబడి దాని మీదే నడిచాయి. రిమ్ముకి అదే లాక్ రింగు కూడా. గాలి కొట్టేటప్పుడు రింగు సరిగ్గా కూర్చోకపోతే ఫిరంగి గుండులా ఎగిరొస్తుందని ఆయనకు ఎవరూ చెప్పక్కర్లేదు. ఆ భయానికే ఇనప బోనులో పెట్టి గాలి కొడతారు. బోను లేకుండా గాలి కొట్టబోతున్న కొడుకుని చెవి పట్టుకుని పక్కకు లాగాడు. మెషీన్ లెర్నింగ్ చదివినవాడు రింగు దగ్గర నేర్చుకోవలసింది చాలా ఉంది.

ఆ రోజునుంచి ఇద్దరికీ రెండు వేదాలు. కొడుకుది టిఎం 9-2320-361, సైన్యం అచ్చేసిన మాన్యువల్. బండి కదలకముందు ఏం చూడాలి, కదులుతున్నప్పుడు ఏం చూడాలి, ఆగాక ఏం చూడాలి అని త్రికాల సంధ్యలాగా రాసిపెట్టి ఉంటుంది. వాడు వరస తప్పకుండా చేస్తాడు. తండ్రిది చెవి. ఇంజన్ మీద పానా ఆనించి, రెండో కొస చెవి దగ్గర పెట్టుకుని, "మూడో నాజిల్ చూడు" అంటాడు. మాన్యువల్‌లో గంటన్నర వెతికాక వాడికీ మూడో నాజిలే తేలుతుంది.

ఇంధనం సంగతి వచ్చేసరికి మాత్రం వేదాలు రెండూ ఒక్కటయ్యాయి. ఈ ఇంజన్ 'మల్టీఫ్యూయల్'. డీజిల్, కిరోసిన్, విమానాలకు పోసే ఇంధనం, గత్యంతరం లేకపోతే పెట్రోలు, దేంతోనైనా తిరుగుతుంది. ఆ దహన పద్ధతి జర్మనీకి చెందిన మ్యాన్ కంపెనీది. జబల్‌పూర్‌లో మన సైన్యానికి తయారైన శక్తిమాన్ లారీకి మూలం కూడా మ్యాన్ కంపెనీయే. ఆ చుట్టరికం వినగానే పెద్దాయన గొంతు మెత్తబడింది. డిస్పోజల్‌లో వచ్చిన శక్తిమాన్ల కిందా ఆయన వీపు అరిగింది మరి. ఈ లారీ ట్యాంకు దాదాపు 190 లీటర్లు, లీటరుకి నాలుగు కిలోమీటర్లొస్తే పండగ. అందుకని ఈ పిచ్చి ఉన్న చాలామంది హోటళ్ళలో వేపుళ్ళు వేసిన పాత నూనె అడిగి తెచ్చి, వడకట్టి, డీజిల్లో కలిపి పోస్తారు. కొడుకూ పోశాడు. వీధంతా మిరపకాయ బజ్జీల వాసన. జెట్ లాగ్‌తో మధ్యాహ్నం పడుకున్న పెద్దాయన లేచొచ్చి, "అమ్మా, బజ్జీలేస్తున్నావా?" అని అడిగాడు. కోడలు కిటికీలోంచి లారీని చూపించింది.

ఈ పిచ్చికి చరిత్ర ఉందనీ, తాను ఒంటరివాణ్ణి కాననీ కొడుకు నిరూపించబోయాడు. 1919లో అమెరికా సైన్యం లారీల బారు వాషింగ్టన్‌లో బయల్దేరి శాన్ ఫ్రాన్సిస్కో చేరడానికి 62 రోజులు పట్టింది. దారిపొడుగునా చెక్క వంతెనలు విరిగాయి, బళ్ళు బురదలో దిగబడ్డాయి. వెంట వెళ్ళిన ఐసెన్‌హోవర్ అనే యువ అధికారి ఆ అవస్థ మర్చిపోలేదు. అధ్యక్షుడయ్యాక 1956లో అంతర్రాష్ట్ర రహదారుల చట్టం మీద సంతకం పెట్టాడు. అంత శ్రమపడి రోడ్లు వేశాక, 2009లో సైనిక వాహనాల సంరక్షణ సంఘం సభ్యులు పాత బళ్ళు బారు తీసి మళ్ళీ అదే దారిన వెళ్ళారు. మన దేశంలోనూ ఎవరూ తక్కువ తినలేదు. క్రికెటర్ ధోనీ అంతటివాడు మన సైన్యం వాడిన జోంగా అనే పాత జీపు కొనుక్కున్నాడు.

"ధోనీకి మెకానిక్కులుంటార్రా" అన్నాడు తండ్రి.

రంగు దగ్గర అసలు యుద్ధం జరిగింది. బయటివాళ్ళకి అది ముదురాకుపచ్చ. లోపలివాళ్ళకి 24087, 34087. మొదటిదానికి కాస్త మెరుపుంటుంది, రెండోదానికి ఉండదు. ఏ సంవత్సరం బండికి ఏది అన్న దాని మీద పెద్దమనుషులు స్నేహాలు తెంచుకుంటారు. కొడుకు రెండు రేకు ముక్కలకు రెండూ పూసి ఎండలో పెట్టి వారం రోజులు చూశాడు. చీరల కొట్లో తాను ఇరవై నిమిషాలు తీసుకుంటే వాచీ చూసుకునే మనిషి ఇతనేనా అని కోడలు పైకే అంది.

పెద్దాయన అనుమానం వేరు. "వెనకాల ఏం రాయిస్తున్నావ్?"

"ఏమీ రాయకూడదు నాన్నా. అప్పట్లో సైన్యం వేసిన అక్షరాలే ఉండాలి. బంపరుకి ఒక వైపు డివిజన్, రెజిమెంటు, రెండో వైపు కంపెనీ, బండి నంబరు. అంతే."

"అమ్మ దీవెన అని కూడా వద్దా?"

"వద్దు."

పెద్దాయన మరి మాట్లాడలేదు. ఊళ్ళో పాత సైనిక వాహనాల ప్రదర్శన రోజు తెల్లవారుజామునే లేచి, ఇరుసుల దగ్గరనుంచి కమాన్ కట్టల దాకా ప్రతి నిప్పుల్‌కీ తనే గ్రీజు గన్ పట్టాడు. కొడుకు స్నానానికెళ్ళగానే వంటింట్లోకి వెళ్ళొచ్చాడు.

ప్రదర్శనలో, సిపాయి టోపీ పెట్టుకున్న ఒక ముసలాయన నోటుబుక్కుతో వరసగా బళ్ళన్నీ చూసుకుంటూ వచ్చాడు. రంగు చూసి తలూపాడు. మూడు మీటల స్విచ్చి తిప్పి చూసి తలూపాడు. ముందుకొచ్చి, బంపరు మధ్యలో దారానికి గుచ్చి వేలాడుతున్న నిమ్మకాయనీ ఏడు పచ్చిమిరపకాయల్నీ చూసి ఆగిపోయాడు. కొడుకు మొహంలో నెత్తురుచుక్క లేదు. ఇంత పక్కా బండి మీద అశ్రద్ధగా గుర్తు పెట్టి ఉండరని కాబోలు, ముసలాయన మర్యాదగానే అడిగాడు, ఇది ఏ యూనిట్ గుర్తు అని.

"బెజవాడ" అన్నాడు పెద్దాయన.

ముసలాయన స్పెల్లింగు అడిగి రాసుకున్నాడు.